గంధం బొట్ల కంప్యూటర్, అక్క గొంతు

దుప్పటి గడ్డం దాకా లాక్కో బంగారూ. ఊఁ కొడుతూ వినాలి సుమా. నువ్వు ఊఁ కొట్టడం మానేస్తే కథ కూడా ఎక్కడిదక్కడే చతికిలబడుతుంది. అప్పుడు నన్నడిగి లాభం లేదు.

అనగనగా ఒక ఊళ్ళో, గోదారి గట్టు కింద, ఒక పెళ్ళికార్డుల కొట్టు ఉండేది. కొట్టు వెనకాలే ఇల్లు. ఆ ఇంట్లో భూషణమ్మ, ఆవిడ మొగుడు సత్తిరాజు కాపురం ఉండేవాళ్ళు. కార్డుల మీద వినాయకుడి బొమ్మా పెళ్ళివారి పేర్లూ దిద్దడానికి సత్తిరాజుకి ఒక పాత కంప్యూటర్ ఉండేది. పొద్దున్నే దాన్ని లేపితే, ముసలాయన మంచం దిగినట్టు, కాసేపు మూలిగి, కాసేపు దగ్గి, అప్పుడు గానీ వెలిగేది కాదు.

భూషణమ్మకి ఒక అక్క. పేరు వరహాలమ్మ. ఆవిడ ఉండేది గోదారి మధ్య లంకలో. లంకంటే తెలుసుగా, చుట్టూ నీళ్ళు, నడుమ ఊరు. పడవెక్కితే అక్క దగ్గర, వరదొస్తే అక్క దూరం.

లంకలో ఇళ్ళ దగ్గర సిగ్నల్ అందేది కాదు. అందుకని వరహాలమ్మ ఏం చేసేదంటే, పొయ్యి ముందు కూర్చుని, చెల్లెలికి చెప్పాల్సిందంతా ఫోన్లోకి చెప్పేసేది. ఆ తర్వాత సాయంత్రం, సిగ్నల్ అందే గట్టెక్కేది. గట్టెక్కగానే ఆ మాటలన్నీ ఏరు దాటి భూషణమ్మ ఫోన్లో వచ్చి పడేవి. ఫోన్ గుర్రుమని వణికేది. భూషణమ్మ చేతిలో పిండి చేతిలోనే ఉండగా పరిగెత్తేది.

"చెల్లీ, తిన్నావటే?" అక్క మాట ఎప్పుడూ అక్కడే మొదలు. వెనకాల పోపు చిటపటలు, పెరట్లో కోడిపెట్ట గోల, మధ్యమధ్యలో ఎవర్నో అదిలించడం, అన్నీ వినిపించేవి.

భూషణమ్మ మాత్రం తిరిగి ఒక్క ముక్క పంపేది కాదు. "గోడతో చెప్పినట్టుంటుందమ్మా, నాకు సిగ్గు" అనేది. జవాబులన్నీ మూటగట్టుకుని కూర్చునేది. అక్క పడవ దిగిందా, ఇక రేవులోనే మూట విప్పేది. పాపం, పడవ నడిపేవాడికి కూడా వీళ్ళింటి సంగతులన్నీ కంఠతా వచ్చేశాయి.

ఒక వేసవిలో అక్క దగ్గర నుంచి ఒక మాట వచ్చింది. "కొత్తావకాయ పెట్టానే. నీకో జాడీ తేనా? ఏవంటావ్? నువ్వు బటన్ నొక్కవుగా, మొండిఘటానివి. సర్లే, నోటితోనే చెబుదువుగాని."

భూషణమ్మ నవ్వుకుంది. వచ్చాక చెబుదాంలే అనుకుంది.

అక్క రాలేదు. గుండెనొప్పి అన్నారు. రేవుకి పడవైతే వచ్చింది, కబురు మోసుకుని వచ్చింది.

ఊఁ కొట్టవేం తల్లీ? బాధగా ఉందా? ఉంటుంది మరి. నాకూ ఉంది. అయినా కథ మధ్యలో ఆపకూడదు, విను.

అప్పటి నుంచి రోజూ దీపం పెట్టే వేళకి భూషణమ్మ ఆ ఫోన్ చెవికానించుకుని కూర్చునేది. అక్క "తిన్నావటే?" అనేది. ఈవిడ కళ్ళొత్తుకునేది. అదే ఆవిడ సంధ్యావందనం.

అలా ఉండగా ఉండగా, ఆ ఫోన్‌కి రోజులు దగ్గరపడ్డాయి. బ్యాటరీ పూరీలా ఉబ్బింది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఠపీమని ఆరిపోయేది. అక్క మాటలు ఇంకో ఫోన్లోకి పంపుదామంటే, రెండు మాటలు వెళ్ళేలోపే కన్ను మూసేది. రిపేర్ కొట్టులో చూపిస్తే, "ఈ రకం బ్యాటరీలు ఇప్పుడు రావట్లేదమ్మా. ఉన్నవి త్వరగా కంప్యూటర్లోకి ఎక్కించుకోండి. ఇది ఇవాళో రేపో అన్నట్టుంది" అన్నారు.

ఆ మాట విని భూషణమ్మ ఫోన్‌ని కొంగులో చుట్టుకుని ఇంటికి పరిగెత్తింది. ఒకసారి పోయిన అక్కే ఇంకోసారి పోతానంటే ఎలా ఉంటుంది చెప్పు?

అప్పుడు సత్తిరాజు, "నేను లేనూ? కంప్యూటర్ సంగతి నాకొదిలెయ్యి భూషణం" అని మీసం దువ్వుకుని బయల్దేరాడు. ఛార్జింగ్ పెట్టే తీగ తెచ్చాడు. ఒక కొస ఫోన్లో పెట్టాడు, ఒక కొస కంప్యూటర్ వెనకాల పెట్టాడు. ఫోన్ చక్కగా ఛార్జింగ్ ఎక్కుతోంది. కంప్యూటర్‌కి మాత్రం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది. ఫోనొకటి వచ్చిందన్న సంగతే దానికి తెలీదు.

"ఫోన్‌దే తప్పు" అన్నాడు సత్తిరాజు. తప్పు ఫోన్‌ది కాదమ్మా, తీగది. కొన్ని తీగలు తిండి మాత్రమే మోస్తాయి, మాట మొయ్యవు. మన వీధిలో కొంతమంది మనుషుల్లాగా. అది తెలుసుకుని ఆయన బజారుకెళ్ళి మాట మోసే తీగ పట్టుకొచ్చాడు.

ఆ తర్వాత చూస్తే, కొత్త తీగ పొట్టిది. వెనక్కి అందదు. కంప్యూటర్ ముందు వైపు కూడా రెండు నోళ్ళున్నాయి, అక్కడ పెడదామని చూశాడు. తీగ లోపలికి దూరదు. తిప్పి పెట్టాడు. దూరదు. ఒంగి, కళ్ళజోడు సవరించుకుని చూశాడు. చూసి, "ఏమే భూషణం! ఈ నోళ్ళల్లో ఏం కుక్కావే?" అని కేకేశాడు.

ఏం కుక్కుతుంది? గంధం. ఏటా దసరాకి పనిముట్లకి పూజ చేస్తాంగా. కత్తిపీటకి, కుట్టుమిషన్‌కి బొట్లు పెట్టినట్టే భూషణమ్మ కంప్యూటర్‌కీ పెట్టేది. "అన్నం పెట్టేదాన్ని బోసిగా ఉంచకే చెల్లీ" అని అక్క చెప్పింది మరి. చెల్లెలు ఒకాకు ఎక్కువే చదివింది. ఎక్కడ కన్నం కనిపిస్తే అక్కడల్లా గంధం అద్ది, దాని మీద కుంకుమ దిద్దింది. ఏళ్ళ తరబడి పెట్టిన బొట్టు లోపల గట్టిపడి రాయైపోయింది.

భూషణమ్మ మొహం మాడిపోయింది. "అక్క చెప్పిన మాట విని, అక్క మాటకే అడ్డం వేసుకున్నానండీ" అంది. అని ఊరుకోలేదు. కంప్యూటర్ ఆర్పించింది. చీపురుపుల్ల తీసి, చంటిపిల్ల చెవి శుభ్రం చేసినట్టు మెల్లగా, ఓపిగ్గా, ఆ గంధమంతా గీకి తీసింది. తీస్తుంటే వాసనొచ్చింది. పాత దసరాల వాసన. అక్క కూడా ఉన్న దసరాలు. ఆవిడకి కన్నీళ్ళు ఆగలేదు.

ఈసారి తీగ దూరింది. కంప్యూటర్ టింగుమంది. తెర మీద ఫోన్ పేరు కనబడింది. సత్తిరాజు గర్వంగా దాన్ని తెరిచాడు.

లోపల ఖాళీ. ఒక్క మాట లేదు, ఒక్క ఫోటో లేదు. ఊడ్చిపెట్టిన గదిలా ఉంది.

"మొదటికే మోసం వచ్చిందే" అన్నాడు సత్తిరాజు. కొట్టు ముందుకెళ్ళి, కార్డులు ముందేసుకుని కూర్చున్నాడు. భూషణమ్మ అక్కడే కూలబడింది. "అక్కా, పోయావా" అంది.

అప్పుడు ఫోన్ గుర్రుమని వణికింది.

ఇన్నేళ్ళ అలవాటు కదమ్మా. ఫోన్ వణికితే అక్క గట్టెక్కిందనే లెక్క. అక్క లేదని తెలుసు, తెలిసినా చెయ్యి ఆగలేదు. గబుక్కున అందుకుంది. ఆ ఫోన్ వీపు ఉబ్బింది కదా, వెల్లకిలా పెడితే ఊగుతోందని, తువ్వాలు మీద బోర్లా పడుకోబెట్టారు. ఇప్పుడు తిప్పి చూస్తే, దాని మొహం మీద ఒక ప్రశ్న ఉంది. "ఈ కంప్యూటర్‌కి నా లోపలివి చూపించమంటారా? సరేనా? వద్దా?" అని.

చూశావా? చంకలో పిల్లని పెట్టుకుని సంతంతా వెతికారు! కొత్త పెళ్ళికూతుర్ని గడప దగ్గర ఆపి, మొగుడి పేరు చెప్తేగానీ లోపలికి రానివ్వరు, తెలుసుగా? ఈ ఫోన్ కూడా అలాగే గడపలో నిలబడి ఉంది. సరేనంటే వద్దామని. బోర్లా పడుకోబెడితే దాని మొహం ఎవరు చూస్తారు?

భూషణమ్మ వేలు ముందుకు చాచింది. జన్మలో ఎప్పుడూ జవాబుకి బటన్ నొక్కని మనిషి. "సరే" అన్న చోట నొక్కింది.

నొక్కగానే, అమ్మడూ, ఖాళీ గది నిండిపోయింది! అక్క మాటలన్నీ వరసలు వరసలుగా వచ్చి నిలబడ్డాయి. సత్తిరాజుని కేకేసింది. ఆయన పరిగెత్తుకొచ్చి అన్నిటినీ కంప్యూటర్లోకి ఎక్కించడం మొదలుపెట్టాడు. ఎంత ఎక్కిందో చూపించే పచ్చగీత తెర మీద చీమలా పాకుతోంది. భూషణమ్మ తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కింది. తెలియని దేవుళ్ళకి కూడా మొక్కింది. ఆఖరి మాట ఇటు దిగింది, ఫోన్ అటు ఆరిపోయింది. ఆ తర్వాత అది మళ్ళీ వెలగలేదు. పాపం, అప్పగింతలయ్యేదాకా ఓపిక పట్టింది.

సత్తిరాజు మళ్ళీ పనిలోకెళ్ళాడు. భూషణమ్మ కంప్యూటర్ ముందు కూర్చుని, చివరాఖరి మాట మీద నొక్కింది.

ఫోన్లో సన్నగా వినబడే గొంతు ఇక్కడ స్పీకర్లోంచి ఇల్లంతా మోగింది. పోపు చిటపటలాడింది. కోడిపెట్ట అరిచింది. "చెల్లీ, తిన్నావటే?"

ముందు గదిలో సత్తిరాజు గబగబా లేచాడు. భుజం మీద తువ్వాలు సర్దుకున్నాడు. కుర్చీ ఒకటి మోసుకుని, "వదినగారొచ్చారా? ఎప్పుడొచ్చారూ?" అంటూ గుమ్మం దాకా వచ్చాడు. వచ్చి, చూసి, ఆ కుర్చీ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

అక్క చెబుతూనే ఉంది. "కొత్తావకాయ పెట్టానే. నీకో జాడీ తేనా? ఏవంటావ్?"

అప్పుడు భూషణమ్మ, గోడతో మాట్లాడ్డానికి సిగ్గుపడే భూషణమ్మ, రేవులో నిలబడి పిలిచినట్టు గట్టిగా అంది. "తే అక్కా! నువ్వు తెచ్చిందే తింటాను. తొందరగా వచ్చెయ్యి."

సత్తిరాజు కుర్చీ తెచ్చి, కంప్యూటర్ పక్కన వేశాడు.

ఏంటి? అక్క వచ్చిందా అంటావా? రాలేదు బంగారూ. గొంతే వచ్చింది. గొంతుంటే చాలా అంటే, చాలదే తల్లీ, ఎక్కడ చాలుతుంది? కానీ ఆ రోజు నుంచి భూషణమ్మ అక్క అడిగిన ప్రతిదానికీ జవాబు చెబుతూనే ఉంది. దసరాకి కంప్యూటర్‌కి బొట్టు పెట్టడమూ మానలేదు. నోళ్ళు మాత్రం వదిలేసి, పైన నుదుటి మీద ఒక్కటి పెడుతోంది.

నీకు కళ్ళు మూతలు పడుతున్నాయి. ఊఁ కూడా సన్నబడింది. ఇదిగో, ఇది విని పడుకో.

ఏరు దాటి మాటొచ్చె చెల్లెలి చెవికి,
గంధం బొట్టెక్కె పెట్టె నుదుటికి,
కునుకు వచ్చి వాలె నీ కంటికి,
కథ పడవెక్కె కంచికి, మనం నడిచొద్దాం ఇంటికి.