పాట వినని పెళ్ళిచూపులు

తొలకరి పడి వరిమడిలో చీలమండ లోతు నీళ్ళు నిలిచాయంటే చాలు, కప్పల ఇళ్ళల్లో పెళ్ళి హడావుడి మొదలవుతుంది. ఆ ఏడు అందరికంటే ఎక్కువ హడావుడి నాచమ్మదే. మనవరాలు చినుకు ఈడుకొచ్చింది మరి. మడిలో నీళ్ళు ఇంకిపోయేలోపే జోడు కుదరాలి, గుడ్లు పెట్టాలి, అవి తోకపిల్లలై ఈదాలి. ఈ వాన తప్పితే మళ్ళీ ఏడాది దాకా ఎదురుచూపులే.

చినుకు మాత్రం అప్పటికే ఒకణ్ణి మనసులో పెట్టుకుంది. గట్టు అవతలి మడిలో ఉండే కెంపన్న. వాడు "టిక్కు టిక్కు టిక్కు" అని పాట అందుకున్నాడంటే చినుకు కాళ్ళు ఒకచోట నిలవవు.

ఆ మాట చెబితే నాచమ్మ కళ్ళు ఇంకా బయటికొచ్చాయి. కప్ప కళ్ళు అంతకంటే ఎక్కడికొస్తాయని అడక్కండి, వచ్చాయి.

"వాడా! ఒళ్ళంతా ఇటుక రంగు. వీపు మీద చార లేదు. మన ఇంటా వంటా చార లేనివాణ్ణి ఎరుగుదుమా? వాడు మన రకమే కాదు."

"పాట మన పాటేగా నాయనమ్మా!"

"పాట ఎవడైనా పాడతాడు. వీపు చూడాలే, వీపు!"

ఈ వీపుల పిచ్చి నాచమ్మకి ఎక్కించింది గట్టు మీది తొండ మావ. పూర్వం కప్పల్లో చూపులన్న మాటే లేదు. మగాడు పాడాలి, ఆడపిల్ల వినాలి, నచ్చితే అటు గెంతాలి. అంతే. తొండ మావ వచ్చి, "పాటలేమిటమ్మా మోటుగా! దర్జాగా పగలు పెళ్ళిచూపులు పెట్టుకోండి" అని తల ఊపాడు. ఎవరేమన్నా తల ఊపేవాడు కనక పెద్దలందరికీ వాడంటే మహా గురి. సంబంధం కుదిర్చినందుకు వాడు అడిగేది కడుపునిండా ఉసిళ్ళు. పెళ్ళింటి ముందు పుట్ట పగిలి ఉసిళ్ళు లేస్తే కప్పలు నోరు మూసుకుని కూర్చోవాలి, మావ భోంచేయాలి.

మబ్బు పట్టిన మధ్యాహ్నం చూపులు పెట్టారు. తొండ మావ ఒక కుర్రకప్పని వెంటబెట్టుకొచ్చాడు. పేరు చారయ్య. కాలువ పొంగినప్పుడు కొట్టుకొచ్చాడట. మట్టిరంగు ఒళ్ళు, ముక్కు నుంచి నడుం దాకా గీసినట్టు తెల్లటి చార. అచ్చం చినుకు అన్నయ్యలా ఉన్నాడు.

"ఆహా, మన పోలికే!" అని మురిసిపోయింది నాచమ్మ.

"ఒక్క పాట పాడమనండి" అంది చినుకు.

తొండ మావ అడ్డం వచ్చాడు. "కొత్త నీళ్ళు పడలేదమ్మా, గొంతు బొంగురుపోయింది."

చారయ్య పాపం తల దించుకున్నాడు. పాడొద్దని ముందే చెప్పి తెచ్చారు వాణ్ణి.

నాయనమ్మ చెల్లెలి సంగతి చినుకుకి తెలుసు. చార చూసి పెళ్ళి చేశారు. పెట్టిన గుడ్లన్నీ తెల్లగా పాలిపోయి నీళ్ళలో కుళ్ళిపోయాయి. ఒక్క తోకపిల్లా ఈదలేదు. ఇప్పుడు ఏడిస్తే ఎవరూ వినరు. అందుకే నవ్వింది.

"తొండ మావయ్యా, మీ కొడుక్కి నేనూ ఒక సంబంధం చూశాను."

"ఎవరమ్మా?" అని ఆశగా తల ఊపాడు మావ.

"పంపుషెడ్డు గోడ మీది బల్లి. నాలుగు కాళ్ళు, పొడుగు తోక, అచ్చం మీ పోలికే!"

తొండ మెడ ఎర్రబడింది. "బల్లా? మావాడు ఎండలో తిరిగేవాడు, అది చీకటి పడితేగాని బయటికి రాదు. వీడు తల ఊపి పిలిస్తే అది పలుకుతుందా? ఎలాగో కట్టబెట్టామే అనుకో, గుడ్డులోంచి పిల్ల వస్తుందా? వంశం నిలుస్తుందా? ఆకారం చూసి ఎవరైనా సంబంధం కలుపుతారా, బుద్ధిలేకపోతే సరి!"

తన నోటితో తనేమన్నాడో మావకి అప్పుడు తెలిసింది. పుట్టాక మొదటిసారి వాడి తల కదలకుండా నిలబడిపోయింది.

"నా మాట మీరే చెప్పారు" అని చినుకు పెళ్ళికొడుకు వైపు తిరిగింది. "చారయ్యా, భయపడకు. పాడు."

"గుర్ర్ర్ర్..." అన్నాడు చారయ్య. చినుకు చెవికి అది ఎవరో గడ్డి కోస్తున్న చప్పుడు, అంతకుమించి ఏమీ లేదు. కానీ కాలువ పక్క తుంగలోంచి ఒక చారల పిల్ల ఎగిరి దూకింది. "ఎవరండీ మా పాట పాడింది? ఎన్నాళ్ళకి విన్నాను!" చారయ్య మొహం విప్పారింది, పాట రెట్టింపైంది.

గట్టు అవతలి నుంచి కెంపన్న ఊరుకుంటాడా? "టిక్కు టిక్కు టిక్కు!" చినుకు ఒక్క గెంతులో గట్టు దాటేసింది.

నాచమ్మ కళ్ళు తుడుచుకుంది. "నా చెల్లెలి జాతకం మంచిది కాదని ఆడిపోసుకున్నాం. తప్పు మాది. చార లేకపోతేనేం, కెంపన్నే మనవాడు."

తొండ మావ ఇంకా పట్టు వదల్లేదు. "మనుషులు మాత్రం రంగూ రూపం చూసే కలుపుకుంటారు నాచమ్మ పిన్నీ!"

"వాళ్ళకేం నాయనా! ఎవరి పిల్లని ఎవరికిచ్చినా పిల్లలు పుడతారు, ఆ పిల్లలకీ పిల్లలు పుడతారు. అంతా ఒకే రకం. లేని రకాలు వెతుక్కునే తీరిక వాళ్ళకుంది, మాకు లేదు."

సాయంత్రం రెండు పెళ్ళిళ్ళూ ఒకేసారి జరిగాయి. పుట్ట పగిలి ఉసిళ్ళు లేచాయి. తొండ మావ నోరు తెరిచేలోపు రెండు పెళ్ళిళ్ళ చుట్టాలూ నాలుకలు చాపేశారు. మావకి మిగిలినవి రాలిన రెక్కలే.

నీతి: ఒకేలా కనిపించినంత మాత్రాన ఒక రకం కారు, ఎవరి పిలుపుకి ఎవరు పలుకుతారో, ఎవరి పిల్లలకి మళ్ళీ పిల్లలు పుడతారో వాళ్ళే ఒక రకం.