బొల్లిమేక చెవిలో నీళ్లు

ఎర్రగుట్ట మీద బొల్లిమేక జారిపడింది.

ఆ మాట విన్న కుందేలు నోట్లో గడ్డి నోట్లోనే ఉండగా నిలబడిపోయింది. కొండముచ్చు అసలు నమ్మలేదు. "ఏ బొల్లిమేక? మన బొల్లిమేకేనా?" అని రెండుసార్లు అడిగింది. అడగదా మరి! పదేళ్లుగా ఆ గుట్ట మీద బొల్లిమేక ఎక్కని బండ లేదు. జానెడు అంచు మీద నిలబడి కునుకు తీసేది. చిరుతపులి కూడా దాని మీద ఆశ వదులుకుంది. అలాంటిది పట్టపగలు, పొడి బండ మీద, ముందుకాళ్లు రెండూ తేలిపోయి దొర్లింది. రాయి అడ్డం పడబట్టి బతికింది.

అందరికంటే ముందు పరామర్శకు వచ్చింది నక్క. ఆకుదొన్నెలో ఉప్పు తెచ్చింది. నెల రోజులుగా తెస్తూనే ఉంది. గొర్రెల కాపర్లు మంద కోసం పలకరాయి మీద పోసిన ఉప్పు ఎత్తుకొచ్చి, "పాతవి మనసులో పెట్టుకోకు అత్తా" అని ముందు పెట్టి పోయేది. బొల్లిమేక మనసులో పెట్టుకునే రకమే. మూడేళ్ల కిందట దాని పిల్లను ఎత్తుకుపోయింది ఈ నక్కే. గుట్ట మీద అందరూ మరిచిపోయారు, అది మరవలేదు. కానీ ఉప్పు కనిపిస్తే ఏ మేక నాలుక ఆగుతుంది? నాకింది.

"దెబ్బ గట్టిగా తగిలిందా అత్తా?"

"దెబ్బకేముందిరా అల్లుడా. గుట్టంతా తిరుగుతోంది. చెవిలో ఒకటే హోరు. లోపల ఏదో కుక్కినట్టు బిగిసిపోయింది."

"వయసు అత్తా, వయసు. ఈ బండలు ఇంకా ఎందుకు చెప్పు? కింద వాగు పక్కన మెత్తటి నేల, పచ్చగడ్డి. పక్కన నేనుంటాను. దిగిరా."

"కాలు నొప్పి తగ్గనీ, దిగుతాను."

నక్క పోయాక బొల్లిమేక లెక్క చూసుకుంది. పైనుంటే జారి చావాలి. కిందికి దిగితే నక్క నోట్లో చావాలి. ఇంకో దారి లేదు.

బండను ఆనుకుని ఆనుకుని గబ్బిలం ఉండే గుహకు వెళ్లింది.

"వదినా, రోజంతా తలకిందులుగా వేలాడతావు. నీకు తల తిరగదా?"

"ఎందుకు తిరుగుతుంది? నా చెవిలో నీళ్లు సరిగ్గా ఉన్నాయి."

"చెవిలో నీళ్లా!" బొల్లిమేక అదిరిపడి తల విదిలించింది.

"దులిపితే రాలే నీళ్లు కావమ్మా అవి," అంది గబ్బిలం. "చెవి లోపల, బాగా లోతున, సన్నటి వంకర గొట్టాలున్నాయి. వాటి నిండా నీళ్లే. తల వంచితే, తిప్పితే అవి కదులుతాయి. ఎటు తిరిగామో మనకు తెలిసేది ఆ కదలికతోనే."

"నా కాళ్లను నడిపించేది నీళ్లా! పదేళ్లూ నా గిట్టల గొప్ప అనుకున్నానే!"

"గిట్టలు గొప్పవే. నీళ్లు ఇంకా గొప్పవి. అవి ఊరుతూనే ఉంటాయి. ఎక్కువైతే పక్కన చిన్న తిత్తి ఉంది. అది ఉబ్బి ఉబ్బి, ఇక పట్టదనగానే సందు తెరిచి, ఎక్కువైనంత వదిలేసి మళ్లీ మూసుకుంటుంది. చెరువు తూము లాగా అనుకో. నీ తూము సరిగ్గా తెరుచుకోవడం లేదు. కొత్తగా ఏం తింటున్నావు?"

"ఏమీ లేదు. ఆకు, అలము, కాస్త ఉప్పు."

"ఎంత కాస్త?"

"రోజూ దొన్నెడు."

గబ్బిలం పట్టు తప్పి కింద పడబోయి మళ్లీ పట్టుకుంది. "దొన్నెడా! ఒంట్లో ఉప్పు ఉన్నచోట నీళ్లు నిలబడిపోతాయే! కుర్రమేకయితే తట్టుకునేదేమో. నీ ముసలి తిత్తి ఎంతని వదులుతుంది? ఎవరు పెట్టారు నీకది?"

బొల్లిమేక మూతి మీద మిగిలిన ఉప్పు నాకబోయి నాలుక వెనక్కి లాక్కుంది. తరవాత, "నా అల్లుడు," అంది.

ఆ రోజు నుంచి నక్క తెచ్చిన ఉప్పంతా బండ సందులోకి పోయింది. నాలుగో రోజుకు హోరు తగ్గింది. పదో రోజుకు గుట్ట కదలకుండా నిలబడింది. పదిహేనో రోజున బొల్లిమేక లోయ అంచున ఉన్న గుండ్రటి బండ నెత్తికెక్కి కేక పెట్టింది. "ఒరే అల్లుడా, కళ్లు బైర్లు కమ్ముతున్నాయి! దిగలేకపోతున్నాను, వచ్చి పట్టుకో!"

నక్క ఆ పిలుపు కోసమే కూర్చుంది. ఒక్క ఉరుకున వచ్చింది.

"ఎటు నుంచి ఎక్కాలి అత్తా?"

"కుడివైపు మెట్టుంది, పరిగెత్తు!"

"కనబడదే!"

"దాటిపోయావు! ఇంకా ముందుకు, ఇంకా!"

"ఇందాక ఇక్కడికే వచ్చినట్టుంది."

"ఇది వేరే పక్కరా. తొందరగా! ఇటు పడితే నీకు, అటు లోయలో పడితే గద్దలకు!"

గద్దల మాట వినేసరికి నక్కకు కాళ్లు ఆగలేదు. నోట్లో నీళ్లూరుతుండగా బండ చుట్టూ గిరగిరా పదకొండు చుట్లు తిరిగింది. బొల్లిమేక పైన కదలకుండా కూర్చుని మాట మాత్రం తిప్పింది.

"ఆగు! అక్కడే మెట్టు!"

నక్క లోయ అంచు మీద ఠక్కున ఆగింది. కాళ్లు నాలుగూ నాలుగు దిక్కులకు పోయాయి. "అత్తా! బండ కదులుతోంది!"

"బండ కదల్లేదురా. నువ్వు ఆగావు. నీ చెవిలో నీళ్లు ఇంకా ఆగలేదు."

"నీళ్లా? ఏం నీళ్లు?" అంటూ నక్క మెట్టు మీదనుకుని కాలు పెట్టింది. అక్కడ గాలి తప్ప ఏమీ లేదు.

చెట్టు మీద కొండముచ్చు రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. కింద ఎంతసేపటికీ చప్పుడు రాలేదు. వచ్చాక ఇంకేదీ రాలేదు. చేసింది తనే అయినా బొల్లిమేక నెమరు ఆపేసి, ఆ ఖాళీ అంచు వైపే చూస్తూ ఉండిపోయింది.

మనల్ని పడగొట్టాలని వచ్చేవాడు ముందు మనకు ఇష్టమైనదే పట్టుకొస్తాడు.