రెండోసారి లెక్క

డాక్టర్ భ్రమరాంబగారికి ఒక అలవాటు ఉండేది. శిష్యులు జబ్బుల గురించి అడిగితే వెంటనే చెప్పేవారు. తమ గురించి తాము అడిగితే మాత్రం విననట్టే ఊరుకుని, తర్వాతి బిడ్డను పిలిపించేవారు.

ఆమె దగ్గర పిల్లల వైద్యం నేర్చుకుంటున్న శ్రీకర్ ఒక ఉదయం అలాంటి ప్రశ్నే అడిగాడు. అతని చదువు ముగింపుకొచ్చింది. పరీక్షలో అందరికంటే ముందు నిలిచాడు. అయినా ఓపీలో అతను బిడ్డను చూస్తుంటే ఆమె వెనక కుర్చీ వేసుకుని కూర్చునేవారు.

"మేడమ్, నన్ను ఒంటరిగా ఎప్పుడు వదులుతారు?" అన్నాడు.

ఆమె తర్వాతి బిడ్డను రమ్మన్నారు.

మిరప కోతల పనికి వచ్చిన ఒక తల్లి, ఏడాది నిండని కొడుకును ఒళ్ళో వేసుకుని కూర్చుంది. పక్కన ఆమె అత్తగారు నిలబడింది. దగ్గు, జ్వరం. బిడ్డ నిద్రలో ఉన్నాడు. సిరప్పు రాసిస్తే పోతామని, ఆటో గేటు దగ్గరే ఆగి ఉందని అత్తగారు తొందరపెట్టింది.

శ్రీకర్ చెయ్యి స్టెతస్కోపు మీదికి పోయి ఆగింది. నిద్రపోయే బిడ్డను ముందుగా ముట్టుకోకూడదన్నది భ్రమరాంబగారు నేర్పిన మొదటి పాఠం. చల్లటి బిళ్ళ తగిలితే బిడ్డ లేచి ఏడుస్తాడు. ఏడ్చే బిడ్డ ఊపిరి నిజం చెప్పదు. అందుకని చొక్కా పైకెత్తమని తల్లికి చెప్పి, గడియారం చూస్తూ ఊపిరి లెక్కపెట్టసాగాడు. నిండా నిమిషం చూడాలి.

బయట వరుస పెరిగింది. అత్తగారికి ఓపిక పోయింది.

"చెయ్యయినా వెయ్యడేంటమ్మా ఈ బాబు? మా మేకలకు సూదేసే ఆయనే నయం, మూతైనా పట్టుకుని చూస్తాడు."

వరుసలో వాళ్ళు నవ్వారు. శ్రీకర్ చెవులు ఎర్రబడ్డాయి. నిమిషం ముగియబోతుండగా ఆ నవ్వులకు బిడ్డ ఉలిక్కిపడ్డాడు. లెక్క చెడిపోయింది.

మిగిలింది ఊహించి వేసుకోవచ్చు. అడిగేవారు లేరు. మనిషి చెడిపోవడానికి అంతకంటే సులువైన చోటు ఉండదు. శ్రీకర్ బిడ్డ సర్దుకునేదాకా ఆగి, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు.

ఊపిరి బాగా వేగంగా ఉంది. అంతేకాదు, పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింద చర్మం లోపలికి గుంటపడుతోంది. మొదటిసారి అది అతని కంట పడలేదు. తల్లికి ఆ గుంటను వేలితో చూపించాడు.

"చూడమ్మా, గాలి కోసం వీడు ఎంత కష్టపడుతున్నాడో. న్యుమోనియా. ఇంటికి పంపను."

అత్తగారు ఆటోను పంపించేయడానికి తనే గేటు దగ్గరికి వెళ్ళింది. శ్రీకర్ అప్పుడు బిళ్ళను అరచేతిలో రుద్ది, వెచ్చచేసి, వీపు మీద పెట్టి విన్నాడు. గొంతు అన్నిటికంటే చివర చూశాడు. బిడ్డ అప్పుడు ఏడ్చాడు.

వార్డులో ఆక్సిజన్ పెట్టి, మందులు ఇస్తూ వచ్చారు. బిడ్డ తేరుకుని పాలు తాగుతున్న రోజున అత్తగారు పక్క మంచాల వాళ్ళందరికీ చెప్పుకుంది, ముట్టుకోకుండానే జబ్బు పట్టేశాడు మా డాక్టరుబాబు అని.

ఆ రోజే శ్రీకర్ గురువుగారి దగ్గరికి వెళ్ళి, తన ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదని గుర్తుచేశాడు.

ఆమె కళ్ళజోడు తుడుచుకుంటూ, "ఆ పూటే చెప్పాను. నువ్వు రెండోసారి లెక్క మొదలుపెట్టావే, అప్పుడే లేచి వెళ్ళిపోయాను. నువ్వు వెనక్కి తిరిగి చూడలేదు" అన్నారు.