గోడకు చెప్పిన మాట

సముద్రపొడ్డున ఒక రాజ్యం ఉండేదట. తుఫానుకు ఓడ పగిలి కొందరు దీవివాళ్లు అక్కడికి చేరారు. వాళ్లకు మన భాష నేర్పే పని రాజు గంభీరయ్య పంతులుకు అప్పగించాడు. ఎవరైనా తప్పు పలికితే ఆయన నెత్తిన మొట్టేవాడు. దాంతో వాళ్లు ఆయన ముందు నోరు విప్పడమే మానేశారు.

"ప్రభూ, వీళ్లకు చెప్పడమూ గోడకు చెప్పడమూ ఒకటే. వెళ్లగొట్టేయండి," అన్నాడు పంతులు సభలో. రాజు సరేనన్నాడు.

మజ్జిగ పోయడానికి సభకు వచ్చిన గవరమ్మ ఆ మాట విని ముంత కింద పెట్టింది. దీవి ఆడవాళ్లు రోజూ ఆమె అంగడి దగ్గరే కూర్చుని వచ్చేపోయేవాళ్ల మాటలు వింటుండేవారు.

"పంతులుబాబూ, వాళ్లను లోపలికి పిలిచి ఆ మాటేదో మీ నోటితోనే చెప్పండి."

"గోడకా?" నవ్వాడాయన.

"గోడకే, బాబూ."

వాళ్లు వచ్చి నిలబడ్డారు. పంతులు చేత్తో సైగైనా చెయ్యకుండా, "రేపు మిమ్మల్ని ఓడెక్కించి పంపేస్తాం," అన్నాడు.

ఒక తల్లి బిడ్డను గుండెకు హత్తుకుని భోరుమంది. మగవాళ్లు కళ్లు తుడుచుకున్నారు.

"ప్రభూ," అంది గవరమ్మ మెల్లగా, "గోడలు ఏడుస్తున్నాయి."

వాళ్లలో ఒక ముసలమ్మ, మొట్టికాయ పడుతుందేమోనని నెత్తికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "మేము ఇక్కడ ఉంటుంది," అంది.

పంతులు చెయ్యి లేవలేదు. రాజే లేచి నిలబడి, "ఉండండమ్మా," అన్నాడు.