నకల్లోనే ఉన్న మాట

నేర్చుకోవడానికి ఇక ఏమీ మిగల్లేదని తిరుమలేశుకు అనిపించసాగింది. అదే అతని బాధ.

కడపలో ఒక పెద్దాసుపత్రి. అక్కడి కంప్యూటర్ల గదికి ఖాజా గారు పెద్ద. తిరుమలేశు ఆయన దగ్గర పని నేర్చుకుంటున్నాడు. ఆ గదిలో కంటికి కనిపించేది ఒక్క సర్వరే. దాని లోపల మాత్రం ఒళ్లు లేని యంత్రాలు చాలా నడుస్తుంటాయి. ఓపీ చీట్లకొకటి, ల్యాబుకొకటి, వార్డుల్లో ఉన్న రోగుల వివరాలకొకటి. వర్చువల్ మెషీన్లంటారు వాటిని. బయట కూర్చుని పనిచేసుకునేవాళ్లకు ఒక్కొక్కటీ విడి కంప్యూటరే.

వాటికి నకళ్లు తీయడంలో తిరుమలేశు చెయ్యి తిరిగినవాడు. నడుస్తున్న యంత్రాన్ని ఆపకుండానే, అచ్చం అలాంటిదే ఇంకొకటి దాని పక్కన లేపి నిలబెట్టేవాడు. గ్లాసులో టీ చల్లారేలోపు పని అయిపోయేది.

"సార్, కొత్తది ఏమన్నా చెప్పండి. నకలు తీయడం వచ్చేసింది గదా," అన్నాడు ఒకరోజు.

"తీయడం వచ్చింది," అన్నారు ఖాజా గారు.

ఆ మాట తిరుమలేశుకు గుచ్చుకుంది.

మర్నాడు పొద్దున్నే వచ్చి, వార్డుల యంత్రానికి నకలు తీశాడు. అందులో ఒక మార్పు చేసి చూసి, సార్‌కు చూపించాలని అతని ఆశ. నకలుకు వేరే పేరు, వేరే అడ్రసు ఇచ్చి, వార్డుల వాళ్లకు అందకుండా విడిగా ఉంచాలి. ఆత్రంలో అది మరిచిపోయి దాన్ని ఆన్ చేశాడు. ఒకే అడ్రసు మీద రెండు యంత్రాలు పలకడం మొదలుపెట్టాయి. కొన్ని వార్డులు రాసింది అసలుకు చేరింది, కొన్ని వార్డులు రాసింది నకలుకు చేరింది. ఎవరికీ తేడా తెలియలేదు.

కాసేపటికి పిల్లల వార్డు నుంచి మరియమ్మ సిస్టర్ ఫోన్ చేసింది. అప్పటికే వచ్చి కూర్చున్న ఖాజా గారు స్పీకరు పెట్టారు.

"పాపకు ఏ మందు పడదో నేను పొద్దున కంప్యూటర్లో ఎక్కించినా సార్. పైన డాక్టరమ్మ చూస్తే అది లేదంట. ఆ మందే రాసి పంపించింది. సూది వేసేది నేనే కాబట్టి ఆగింది. నా బదులు ఇంకొకరుంటే?"

తిరుమలేశుకు క్షణంలో అంతా అర్థమైంది. నకలును చెరిపేయడానికి మౌసు మీద చెయ్యి వేశాడు.

ఖాజా గారు ఆ చేతిని పట్టుకున్నారు.

"నకలే సార్! తీసేస్తే అంతా మామూలైపోతుంది."

ఖాజా గారు మౌసు తన చేతిలోకి తీసుకున్నారు. నకలును చెరపకుండా, దాన్ని నెట్‌వర్కు నుంచి మాత్రం తప్పించారు. తర్వాత ఒక్కో వార్డుకూ ఫోన్ చేశారు. "మేం చెప్పేదాకా కంప్యూటర్లో ఉన్నది నమ్మొద్దమ్మా. ఏ మందుకైనా రోగినో, పక్కనున్నవాళ్లనో నోటితో అడగండి." అది అయ్యాక లేచి, "రా," అన్నారు.

పిల్లల వార్డులో కిటికీ పక్క మంచం మీద పాప పడుకుని ఉంది. పేరు లోకేశ్వరి. తల్లి దాని పాదాలు నిమురుతోంది. వీళ్లను చూసి డాక్టర్లనుకుని లేచి నిలబడింది.

"పాపకు ఏం పడదమ్మా?" అడిగారు ఖాజా గారు.

ఆమె మందు పేరు చెప్పింది. ఇంగ్లీషు పేరు, ఒక్కక్షరం తప్పకుండా పలికింది. "పోయినసారి ఆ సూది వేస్తే ఒళ్లంతా దద్దుర్లొచ్చి ఊపిరాడలే సార్. అప్పట్నుంచి ఎవరొచ్చినా చెప్తానే ఉండా. పొద్దున సిస్టరమ్మకు గూడా చెప్పినా." తిరుమలేశు వైపు తిరిగింది. "రాసుకున్నారు గదా సార్?"

తిరుమలేశు ఖాజా గారి వైపు చూశాడు.

"రాశారమ్మా, ఉంది," అన్నారు ఖాజా గారు.

ఇద్దరూ గదికి తిరిగొచ్చారు. ఆయన అసలు యంత్రం తెరిచి పాప పేరు వెతికారు. పేరుంది, వయసుంది. పడని మందుల దగ్గర ఖాళీ. తర్వాత నకలు తెరిచారు. అక్కడ ఉంది, మరియమ్మ సిస్టర్ రాసిన మాట.

"నకలన్నావు గదా. ఈ మాటకు అసలు ఎక్కడుందో చూపించు," అన్నారు.

తిరుమలేశు రెండు తెరలనూ మార్చి మార్చి చూశాడు. పొద్దున అతను పుట్టించినప్పుడు రెండింటికీ వెంట్రుకవాసి తేడా లేదు. ఇప్పుడు అసలులో ఉన్నవి నకల్లో లేవు, నకల్లో ఉన్నవి అసలులో లేవు. ఇది దాని మీద కప్పినా, అది దీని మీద కప్పినా, ఎవరో ఒకరి మాట పోతుంది.

ముందు పాప మాటను తన చేత్తోనే అసలులోకి ఎక్కించాడు. డాక్టరమ్మకు ఫోన్ చేసి, తప్పు తనదేనని చెప్పాడు. ఆమె గట్టిగానే తిట్టింది. విన్నాడు. ఆ తర్వాత నకల్లో కొత్తగా చేరిన ప్రతి వివరాన్నీ పట్టుకుని వార్డు వార్డుకూ తిరిగాడు. రాసినవాళ్లను అడిగి, వాళ్లు అవునన్నాకే అసలులో చేర్చాడు. అన్నం సంగతి గుర్తు రాలేదు. ఖాజా గారు సాయానికి రాలేదు, ఇంటికీ పోలేదు. గదిలోనే కూర్చుని ఫోన్లకు జవాబు చెబుతూ ఉన్నారు.

పొద్దు వాలుతుండగా తిరుమలేశు వచ్చి కూర్చున్నాడు. నకలు మీద మౌసు పెట్టాడు, నొక్కలేదు.

"తీసెయ్యొచ్చా సార్?"

"ఇందులో ఉండి అందులో లేనిది ఏమన్నా ఉందా?"

"లేదు సార్."

"చూశావా, అనుకుంటున్నావా?"

"చూసినా సార్. నేనొక్కడినే కాదు, మరియమ్మ సిస్టర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని చూసినా."

ఖాజా గారు మొదటిసారి అతని మొహంలోకి తేరిపార చూశారు.

"అయితే ఇప్పుడైంది నకలు. తీసెయ్."