నక్క గుర్నాథం తిన్న తొలి విస్తరి

పంటినొప్పి తగ్గితే కార్తీకమాసమంతా పచ్చి కాయగూరలే తింటానని సింహరాజు మొక్కుకున్నాడు. నొప్పి తగ్గింది. అడవిలోని లేళ్లన్నీ రాజుగారి పన్నుకు దణ్ణం పెట్టుకున్నాయి. ఇక రోజూ పగలంతా ఉపవాసం, చుక్క పొడవగానే కీరదోసకాయలూ ముల్లంగీ కొత్తిమీరా. రాజు మీసాలకు కొత్తిమీర అంటించుకుని బ్రేవుమంటుంటే లేళ్లు పక్కన నిలబడి విసనకర్రలు విసిరేవి.

కడగడం, తరగడం కుందేలు మంగతాయారు పని. ఈ నెల గట్టెక్కితే తన పిల్లలు కాస్త పరుగెత్తడం నేర్చుకుంటారని ఆమె ఆశ.

ఏడుపల్లా నక్క గుర్నాథానిదే. రాజుగారి ఎంగిలి ఎముకల మీద బతికేవాడు ముల్లంగి తొడిమలేం చేసుకుంటాడు?

వనభోజనాల రోజొచ్చింది. అడవిలో ఉండేవాళ్లకు వనభోజనాలేమిటని అడక్కండి. ఈ చెట్టు కింద నుంచి ఆ చెట్టు కిందికి వెళ్లారు, అంతే. మంగతాయారు కాయలన్నీ కడిగిపెట్టి, మరో కుండెడు నీళ్ల కోసం ఏటికి వెళ్లొచ్చేసరికి, దున్నపోతులు పొర్లే గుంటలోని నీళ్లు బుట్ట మీద చిలకరిస్తూ కనిపించాడు గుర్నాథం.

"ఏమిటయ్యా అది?"

"కాయలు వాడిపోతున్నాయత్తా. తాజాగా ఉంటాయనీ..."

తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నాడట, వెనకటికొకడు. మంగతాయారు వాడి ఎత్తు పసిగట్టింది. ఇవి తింటే రాజుగారి కడుపు చెడుతుంది. మొక్కు గట్టున పెట్టి, పథ్యానికి లేత మాంసం తెమ్మంటారు. లేత మాంసమంటే ఇంకెవరు, తన పిల్లలే. చెబుదామంటే రాజు దగ్గర నక్కమాటే నెగ్గుతుంది. కడుగుదామంటే రేపు మళ్లీ చల్లుతాడు.

తిన్నగా రాజు దగ్గరికి వెళ్లింది. "మహారాజా! తమరెలాగూ చుక్క చూసిగానీ ముట్టరు. ఈలోగా ఒక పుణ్యాత్ముడికి తొలి విస్తరి వేస్తే మొక్కు నిండుతుంది. గుర్నాథం పొద్దుటినుంచీ ఈ కాయలకే సేవ చేస్తున్నాడు."

"భేష్! వెయ్యి విస్తరి!" అన్నాడు రాజు.

నక్క కుడితిలో పడ్డ ఎలుకైంది. "నాకూ ఉపవాసమే మహారాజా!"

"మూతికి ఆ పిట్ట ఈకేమిట్రా మరి? కూర్చో!"

మంగతాయారు ఆ బుట్టలోవే కొసరి కొసరి వడ్డించింది. "ఇంకొక్క ముక్క బాబూ, నా మీద ఒట్టు. పెరట్లో కాయలాంటి రుచి!" రాజు ఎదురుగా కూర్చుని చూస్తుంటే గుర్నాథం నమలకుండా మింగాడు.

పొద్దు వాలేసరికి వాడి కడుపులో దున్నపోతులు కుమ్ముకోసాగాయి. పొదలోకి పరిగెత్తాడు. తిరిగొస్తూ సగం దారిలోనే మళ్లీ వెనక్కి తిరిగాడు. చివరికి ఆ పొదలోనే కాపురం పెట్టాడు.

చుక్క పొడిచింది. "గుర్నాథమేడీ?" అన్నాడు రాజు.

"వస్తున్నా మహారా..." అని పొదలోంచి వినిపించింది. ఆ తర్వాత వినిపించింది మాట కాదు.

రాజు బుట్ట వంక అనుమానంగా చూశాడు. మంగతాయారు దాన్ని అవతలికి నెట్టేసింది. "వాటి మీద దున్నల గుంట నీళ్లు పడ్డాయి మహారాజా. చల్లినవాడే తిన్నాడు. తమకు వేరే కోయించాను. ఏటినీళ్లతో కడిగి, తొక్క తీసినవి."

రాజు కరకరా నమిలి, విషయం అర్థమై, పొద వైపు తిరిగి గట్టిగా చెప్పాడు. "పాపం, వాడికి నెలాఖరుదాకా పల్చటి జావే పొయ్యండి. ఎముక వాసన కూడా తగలనివ్వకండి!"

ఎదుటివాడి విస్తట్లో మురికి చల్లేవాడు, తన ఆకలి కూడా ఆ పంక్తిలోనే కూర్చుంటుందని మరవకూడదు.