పెరుగన్నంలో మాత్ర

చంద్రలీల ఎంత చేసినా పైడితల్లి మాత్ర మింగేది కాదు. వచ్చిన చిక్కల్లా అదే.

చంద్రలీల నర్సు చదువు చదువుతోంది. ఆ ఏడు ఆ తరగతి పిల్లల్ని మానసిక వైద్యశాలలో ఆడవాళ్ళ వార్డుకు పంపారు. అక్కడ నేర్పేది రాహేలమ్మ సిస్టరు. తలంతా నెరిసిన మనిషి. నెమ్మదిగా నడుస్తుంది, అంతకంటే నెమ్మదిగా మాట్లాడుతుంది. ఆవిడ ఏది అడిగినా అందరికంటే ముందు లేచే చెయ్యి చంద్రలీలదే.

ఆ వార్డులో ఉన్న పైడితల్లి గోనెసంచులు కుట్టుకుని బతికిన మనిషి. ఏమైందో ఏమో, తన అన్నంలో ఎవరో విషం కలుపుతున్నారని నమ్మకం పట్టుకుంది. గోడ అవతల మనుషులు ఆ సంగతే గుసగుసలాడుకోవడం ఆమెకు వినబడుతుందట. పక్క మంచం మనిషికి వినబడదు. ఆమెకు మాత్రం మనం ఇప్పుడు మాట్లాడుకుంటున్నంత స్పష్టంగా వినబడుతుంది. ఆలోచిస్తే ఎంత వింత.

మాత్ర ఇస్తే నోట్లో వేసుకునేది, మింగినట్టు గుటక కూడా వేసేది. ఆ వార్డులో మాత్ర ఇచ్చాక నోరు తెరిపించి, నాలుక పైకెత్తించి చూడడం అలవాటు. అయినా పైడితల్లి ఇంకా లోపల ఏ దవడ పక్కనో దాచి, తర్వాత కుళాయి దగ్గర ఉమ్మేసేది. తోటి పిల్లలకు ఇదో ఆట అయింది. మార్కులన్నీ లీలకి, మాత్రలన్నీ కుళాయికి అని నవ్వుకున్నారు.

ఆ మాట చంద్రలీలకు గుచ్చుకుంది. మర్నాడు మధ్యాహ్నం ఎవరికీ చెప్పకుండా మాత్రను గ్లాసు అడుగుతో నూరింది. పెరుగన్నంలో కలిపి, చేదు తెలియకుండా పైన నిమ్మకాయ పచ్చడి పెట్టి ఇచ్చింది.

పైడితల్లి తింటూ తింటూ ఆఖరి ముద్ద దగ్గర ఆగింది. నోట్లో ఉన్నదాన్ని నాలుకతో తడిమి చూసుకుంది. కంచం కింద పెట్టి గోడ వైపు తిరిగి కూర్చుంది.

అన్నంలో ఏదో కలిపారని అడిగినవాళ్ళకల్లా చెప్పింది, ఎవరూ నమ్మలేదు. అప్పట్నుంచి మెతుకు ముట్టలేదు. మంచినీళ్ళు కూడా తాగలేదు. తెల్లారి డాక్టరుగారు వచ్చి చూశారు. సాయంత్రానికి కూడా ఏమీ తాగకపోతే ముక్కులోంచి గొట్టం వెయ్యక తప్పదన్నారు. గొట్టం వేస్తే పీకేసుకుంటుంది. పీక్కోకుండా చేతులు కట్టాలి. చంద్రలీల పక్కనే నిలబడి అదంతా విన్నది.

రాహేలమ్మ భోజనానికి కూర్చోబోతుంటే వెళ్ళి జరిగిందంతా చెప్పేసింది. చెప్పి, ఉపాయం కూడా తనే చెప్పింది. పైడితల్లి కంచంలో అన్నమే తను ముందు తిని చూపిస్తుందట. ఇందులో ఏమీ లేదు చూడు అంటే నమ్ముతుందట.

రాహేలమ్మ తిట్టలేదు. నువ్వు చేసింది డాక్టరుగారికి చెప్పాలి, ఇద్దరం వెళ్ళి చెబుదాం అని మాత్రం అంది. క్యారేజీ మూత తీసి, వంకాయ కూర కలిపి, ఒక ముద్ద ఆ పిల్ల చేతిలో పెట్టింది. పొద్దుట్నుంచి నువ్వూ ఏమీ తిన్నట్టు లేవు, తిను అంది.

చంద్రలీల నోట్లో పెట్టుకుంది. నాలుగు మెతుకులు నమిలిందో లేదో, రాహేలమ్మ మామూలుగా అడిగింది.

"చేదు తెలుస్తోందా?"

ఆ పిల్ల దవడలు ఆగిపోయాయి. నాలుకతో మెతుకు మెతుకూ వెతికింది. ఇందాక లేని చేదు ఇప్పుడు ఏ మూలో ఉన్నట్టే ఉంది.

"ఏమైనా కలిపారా సిస్టర్?"

"లేదు."

చంద్రలీల ఆవిడ ముఖంలోకి చూసింది. ఎప్పుడూ చూసే ముఖమే. అయినా ముద్ద మింగలేదు.

రాహేలమ్మ అదే గిన్నెలోంచి ముద్ద కలుపుకుని తను తిన్నది. నిదానంగా నమిలి మింగింది. చంద్రలీల కళ్ళప్పగించి చూస్తూనే ఉంది. నోట్లో ముద్ద నోట్లోనే ఉంది. కాసేపటికి లేచి, బయటికి వెళ్ళి ఉమ్మేసి వచ్చింది.

"వంటింట్లో ఉడికిన గుడ్లుంటాయి," అంది రాహేలమ్మ. "పెంకు తియ్యకుండా పట్టుకెళ్ళు. మూత తియ్యని నీళ్ళ సీసా కూడా."

ఇద్దరూ డాక్టరుగారికి చెప్పి వచ్చేసరికి పైడితల్లి ఇంకా గోడ వైపే తిరిగి ఉంది. చంద్రలీల ఆమెకు ఎదురుగా వెళ్ళలేదు, భుజమ్మీద చెయ్యి వెయ్యలేదు. కాస్త ఎడంగా, పక్కగా స్టూలు వేసుకుంది. గుడ్లూ సీసా ఆమెకు అందేటట్టు పెట్టింది. తినమనలేదు. ఊరికే కూర్చుంది.

కిటికీ ఎండ మంచం కోడు దాకా వచ్చింది. అప్పుడు పైడితల్లి గోడనే అడుగుతున్నట్టు అడిగింది.

"బువ్వలో ఏటి కలిపినావు?"

ఏమీ లేదనడం ఎంత తేలిక. ఔనంటే ఆ అనుమానానికి తనే ఊతం ఇచ్చినట్టు కాదూ? అయినా చంద్రలీల ఉన్నమాటే చెప్పింది.

"నీకు రాసిన మాత్రమ్మా. విషం కాదు. కానీ నీకు చెప్పకుండా కలిపాను. అలా చెయ్యకూడదు. ఇంకెప్పుడూ చెయ్యను."

పైడితల్లి ఇటు తిరిగింది.

"నాకు తెల్సు," అంది. "నాను సెప్తే ఎవులూ నమ్మనేదు. దీనికి పిచ్చన్నారు."

"నిన్న నువ్వన్నది నిజమే."

ఆమె ఆ పిల్లను ఎగాదిగా చూసింది. తర్వాత సీసా అందుకుని మూతను వేలితో తడిమింది. తిప్పితే టక్కుమంది. ఆ చప్పుడు విన్నాకే తాగింది. గుడ్డు తీసుకుని పెంకు తనే వలిచి, తెల్లటి గుడ్డును అన్ని వైపులా తిప్పి చూసుకుని కొరికింది. రెండోది కూడా తింది.

"ఆ మాత్ర ఏదీ, సూపించు."

చంద్రలీల వెళ్ళి విప్పని మాత్రల రేకు తెచ్చి చేతికిచ్చింది. పేరు చెప్పింది. గోడ అవతలి మాటలు నాకు వినబడవు గానీ నిన్ను అవి నిద్రపోనివ్వడం లేదని తెలుసు, అవి తగ్గడానికే ఇది అని చెప్పింది. పైడితల్లి రేకును వెలుతురుకు పట్టి చూసింది. మళ్ళీ ఆ పిల్ల చేతిలోనే పెట్టేసింది.

"ఇయ్యాల ఒద్దు."

గొట్టం అవసరం లేదని చెప్పి సాయంత్రం డాక్టరుగారు వెళ్ళిపోయారు. చంద్రలీల రాహేలమ్మ దగ్గరికి వచ్చి తల వంచుకుని నిలబడింది.

"నీళ్ళు తాగింది సిస్టర్. గుడ్లు తింది. మాత్ర మాత్రం వేసుకోలేదు."

రాహేలమ్మ మందుల ట్రే తుడుస్తోంది. తల ఎత్తలేదు.

"నిన్న వేసుకుందిగా. నీళ్ళు మానేసింది," అంది.

చంద్రలీల విప్పని రేకును ఆ ట్రేలో పెట్టింది.